నడకకు ముందు నీళ్లు తాగం

సంపాదకులకు నమస్కారం.

నాకు 67 ఏళ్లు. మా ఆయన రైల్వేలో చేసి రిటైరయ్యారు, పోయి రెండున్నరేళ్లయింది. మొదటి ఏడాది నేను గడప దాటలేదు. పగలంతా టీవీ ముందు కూచోవడం, రాత్రి రెండింటికి లేచి గడియారం చూడడం. మోకాళ్లు పట్టేశాయి. ఎవరు పలకరించినా ఏడుపే. ఎదురింటామె ఒకరోజు తెల్లారి ఐదున్నరకు వచ్చి, "ఎన్నాళ్లు ఇట్లా కూచోనుంటావక్కా, లెయ్, కపిలతీర్థం దాకా పొయ్యొద్దాం" అని చెయ్యిపట్టి లాక్కుపోయింది. ఆ రోజు దారిలో నాలుగుచోట్ల కూలబడ్డాను.

ఇప్పుడు మేం ఆరుగురం. ఆదివారం కపిలతీర్థం, మిగతా రోజులు మా పేట పార్కు. చీర మీద బూట్లేసుకుని పోతుంటే పిల్లకాయలు కొన్నాళ్లు నవ్వి, వాళ్లే విసిగి మానుకున్నారు. మా ఆయన గురించి ఏడవకుండా మాట్లాడింది మొదట ఆ నడకలోనే. "ఇంటిపని చాలదా అత్తమ్మా" అంటాడు మా అల్లుడు. ఇంటిపనీ లెక్కలోకే వస్తుంది, కాదనను. కానీ అంట్లగిన్నెలు నాతో మాట్లాడవు కదా.

పోయిన కార్తీకంలో పార్కులో ఊడిన బండ తగిలి పడ్డాను. మణికట్టు విరిగి ఆరు వారాలు కట్టు. మళ్లీ మంచం, టీవీయే గతి అనుకున్నా. మూడోరోజు ఐదుగురూ టీ ఫ్లాస్కు పట్టుకుని మా వరండాలో దిగారు. కట్టు విప్పిన వారానికి నేను రోడ్డు మీదున్నాను. డాక్టరు చెప్పినట్టు రోజూ పాలు కాగేలోపు వంటగట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి, పది లెక్కపెట్టి కాలు మారుస్తా. రెండుసార్లు పాలు పొంగిపోయాయి, అది వేరే సంగతి. 65 దాటినవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు నడక లాంటిది, మూడు రోజులు ఇట్లాంటి నిలకడ కసరత్తు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. పోయిన నెల శ్రీవారి మెట్టు ఎక్కాను. 2,388 మెట్లు, నాకు మూడు గంటలు పట్టింది.

ఇక అసలు సంగతి. ఇది రాయడానికి సిగ్గుపడి నెలరోజులు ఆగాను. ఈ వయసులో ఆపుకోవడం కష్టం. పార్కులో ఆడవాళ్ల మరుగుదొడ్డి ఉంది, దానికి ఎప్పుడూ తాళమే. అందుకని మేం నడకకు ముందు నీళ్లు తాగం. పోయిన ఎండాకాలం ఒకామె కళ్లు తిరిగి పడిపోయింది. అప్పుడు ఎనిమిది మందిమి, ఆమె, ఆమె చెల్లెలు ఆ దెబ్బతో మానేశారు. మెట్లదారిలో కొండెక్కేవాళ్లకు నీళ్లున్నాయి, మరుగుదొడ్లున్నాయి. మా పేటలో ఉన్న ఒక్క గదీ తెరవరు.

రెండుసార్లు అర్జీ ఇచ్చాం. తాళంచెవి వాచ్‌మన్ దగ్గరుందన్నారు. ఆయన వచ్చేది ఏడున్నరకు, మేం ఇంటికి పోయేది ఏడుకు. ఐదున్నరకు తెరిపిస్తే చాలు. కడిగే మనిషి లేదంటారా, ఆరుగురం వంతులేసుకుంటాం.

– ఒక పాఠకురాలు, తిరుపతి