ఫ్రిజ్ కూలింగ్ లేదని ఫోన్ చేస్తే ముందు ప్రశ్నలు ఎందుకు అడుగుతున్నామంటే

నమస్కారం. "ఇదివరకు ఫోన్ చేస్తే చాలు, మనిషిని పంపేవారు. ఇప్పుడేమో బోలెడు ప్రశ్నలు వేస్తున్నారు" అని ఈమధ్య కొందరు కస్టమర్లు విసుక్కుంటున్నారు. నిజమే, పద్ధతి మార్చాం. ఎందుకు మార్చామో, ఇకపై మేం ఏ పని చేస్తామో ఏది చేయమో చెప్పేస్తే రెండువైపులా చికాకు తగ్గుతుందని ఇది రాస్తున్నాను.

చాలా ఇళ్లలో మా టెక్నీషియన్ స్క్రూడ్రైవర్ బయటికి తీయకుండానే పని అయిపోతోంది. ప్లగ్ వదులుగా ఉంటుంది. లేదంటే సామాను సర్దేటప్పుడు చెయ్యి తగిలి చల్లదనం పెంచే, తగ్గించే లోపలి నాబ్ తిరిగిపోయి ఉంటుంది. దానికి విజిటింగ్ చార్జీ తీసుకుంటే మీకు కోపం, తీసుకోకపోతే మాకు నష్టం. ఈలోగా నిజంగానే కంప్రెసర్ ఆగిపోయిన ఇంటివాళ్లు మా కోసం ఎదురుచూస్తూ ఉంటారు. మా దగ్గర ఉన్నదే కొద్దిమంది. అందుకే ముందు ఫోన్‌లో మాట్లాడతాం. అక్కడే సరిపోతే డబ్బేమీ ఇవ్వక్కర్లేదు. మాకు రాబడి కొంత తగ్గుతుంది, తెలిసే చేస్తున్నాం.

మొదట అడిగేది లోపలి లైటు సంగతి. వెలగకపోతే అదే సాకెట్‌లో ఇంకో వస్తువు పెట్టి చూడమంటాం. లైటు వెలుగుతున్నా కంప్రెసర్ చప్పుడు లేకపోతే సింగిల్ డోర్ వాళ్లను నాబ్ మధ్యలో ఉన్న చిన్న బటన్ చూడమంటాం. అది ఐస్ కరిగించడానికి పెట్టిన బటన్. పొరపాటున నొక్కుకుపోతే ఐస్ కరిగేదాకా కంప్రెసర్ ఆన్ అవ్వదు. పాడైపోయిందని కంగారుగా మమ్మల్ని పిలుస్తారు, మేం వచ్చేసరికి అది దానంతట అదే నడుస్తూ ఉంటుంది! ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లు కూడా లోపలి మంచు కరిగించుకోవడానికి అప్పుడప్పుడు కాసేపు ఆగుతాయి. ఓ అరగంట చూసి ఫోన్ చేయండి.

కంప్రెసర్ కాసేపు గుయ్‌మని, టక్‌మని ఆగిపోయి, కొన్ని నిమిషాలకు మళ్లీ అదే పని చేస్తుంటే మాత్రం ఆలస్యం వద్దు. స్టార్ట్ అవ్వలేక ఎక్కువ కరెంటు లాగుతుంటే దాన్ని కాపాడే ఓవర్‌లోడ్ స్విచ్ కట్ చేస్తోందన్నమాట. వోల్టేజీ తక్కువ కావచ్చు, కంప్రెసర్‌ను స్టార్ట్ చేసే రిలే పోయి ఉండొచ్చు, కంప్రెసరే పట్టేసి ఉండొచ్చు. స్విచ్ ఆపేసి మాకు ఫోన్ చేయండి. మళ్లీ మళ్లీ వేసి చూడకండి. అసలు ఏ ఫ్రిజ్‌నైనా ఆపిన వెంటనే ఆన్ చేయకూడదు. లోపలి పైపుల్లో ప్రెషర్ సర్దుకోవడానికి కనీసం ఐదు నిమిషాలు పడుతుంది.

"కూలింగ్ తక్కువగా ఉంది" అంటే ఎంత తక్కువ? చేత్తో తాకి చెప్పేది నమ్మలేం. ఒక గ్లాసు నీళ్లలో థర్మామీటర్ ముంచి, మధ్య అరలో రాత్రంతా ఉంచండి. జ్వరం చూసేది కాదు, ఫ్రిజ్‌కు వాడేది. పొద్దున 4 డిగ్రీలో అంతకంటే కాస్త తక్కువో చూపిస్తే ఫ్రిజ్ బాగున్నట్టే. ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర ఉండాలి. నాబ్ మీది అంకెలు డిగ్రీలు కావు. చాలా ఫ్రిజ్‌లలో అంకె పెరిగితే చల్లదనం పెరుగుతుంది. వేడెక్కుతోందని నాబ్‌ను ఒకటికి తిప్పి, ఇంకా వేడెక్కిందని మమ్మల్ని పిలిచినవాళ్లున్నారు.

మా పనిలో ఎక్కువ తికమక పెట్టేది ఇంకొకటుంది: పైన ఫ్రీజర్‌లో ఐస్ గడ్డకడుతుంది, కింద మాత్రం చల్లదనం ఉండదు. డబుల్ డోర్ ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లలో చలి పుట్టేది ఒక్కచోటే, ఫ్రీజర్ వెనక పలక చాటున ఉన్న కాయిల్ దగ్గర. అక్కడి గాలిని ఒక చిన్న ఫ్యాన్ కిందికి తోస్తుంది. కాబట్టి ముందు గాలి దారి చూడండి. వెనక గోడకు ఉన్న కంతలకు ఆనించి డబ్బాలో సంచులో కుక్కి ఉంటే జరిపి, ఒక రోజు ఆగి మళ్లీ చూడండి. తర్వాత ఫ్యాన్. తలుపు తీస్తే ఫ్యాన్ ఆగిపోయే మోడళ్లు చాలా ఉన్నాయి. ఫ్రీజర్ తలుపు తీసి, ఫ్రేమ్‌లో ఉండే డోర్ స్విచ్‌ను వేలితో నొక్కి పట్టుకుని వినండి. సన్నగా గాలి చప్పుడు రావాలి. గరగర వినిపిస్తే ఫ్యాన్ రెక్కలు మంచుకు తగులుతున్నాయని అర్థం.

మంచు ఎందుకు పేరుకుంటుంది? ఆ కాయిల్ మీద రోజూ పట్టే మంచును ఒక హీటర్ కరిగిస్తుంటుంది. హీటరో, దాన్ని నడిపే సెన్సరో, టైమరో పనిచేయకపోతే కాయిల్ మొత్తం మంచుతో మూసుకుపోయి గాలి వెళ్లదు. ఇంట్లోనే తేల్చుకోవచ్చు. సామాను వేరేచోట పెట్టి, ప్లగ్ తీసేసి, రెండు తలుపులూ తెరిచి, కింద పాత గుడ్డలు పరిచి ఒక రోజంతా వదిలేయండి. తర్వాత ఆన్ చేస్తే కొన్ని రోజులు బ్రహ్మాండంగా పనిచేసి మళ్లీ మెల్లగా మొదటికొస్తే, తప్పు ఈ మంచు కరిగించే (డీఫ్రాస్ట్) వ్యవస్థలో ఉన్నట్టే. ఈ ఒక్క సంగతి మాకు చెబితే సరైన పార్టుతోనే వస్తాం. తొందరపడి కత్తితోనో స్క్రూడ్రైవర్‌తోనో ఐస్ పెకలించకండి. మెత్తటి అల్యూమినియం పైపుకు చిన్న చిల్లు పడినా గ్యాస్ అంతా పోతుంది. అప్పుడు వచ్చే బిల్లు చూసి మీరూ బాధపడతారు, చెప్పాల్సి వచ్చినందుకు మేమూ బాధపడతాం.

కూరగాయల డ్రాయర్ కింద నీళ్లు నిలవడం దాదాపు ఎప్పుడూ చిన్న పనే. వెనక గోడ అడుగున వేలి మొన అంత కంత ఉంటుంది. కరిగిన నీళ్లు అందులోంచి కంప్రెసర్ మీది ట్రేలోకి పోయి ఆవిరైపోతాయి. ఆకు ముక్కో ప్లాస్టిక్ కవర్ ముక్కో అడ్డం పడితే నీళ్లు లోపలే ఆగుతాయి. సూది లేని సిరంజితో గోరువెచ్చటి నీళ్లు కొట్టండి. ఇనప తీగలు దూర్చవద్దు.

డోర్ రబ్బర్ పట్టు చూడ్డానికి ఒక కాగితం పెట్టి తలుపు వేసి లాగండి. చుట్టూ నాలుగైదు చోట్ల చూడాలి. ఎక్కడైనా ఊరికే జారి వస్తే అక్కడ గాలి దూరుతున్నట్టే. చాలాసార్లు రబ్బర్ మడతల్లో జిడ్డు పేరుకుని ఉంటుంది, సబ్బు నీళ్లతో తుడిస్తే చాలు. మూల ముడుచుకుపోతే వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డతో కాసేపు అద్ది సాగదీయండి. చిరిగితేనే మార్చాలి.

ఫ్రిజ్ వెనక వేడిని బయటికి వదిలే పైపుల నల్లటి జాలీ కనిపిస్తే ఏడాదికి ఒకట్రెండు సార్లు ప్లగ్ తీసి, మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపండి. ఇంట్లో పెంపుడు జంతువులుంటే ఇంకాస్త తరచుగా. జాలీ లేని మోడళ్లలో ఆ పైపులు ఫ్రిజ్ పక్క గోడల్లోనే ఉంటాయి. అందుకే పక్కలు వేడిగా తగులుతాయి, అది జబ్బు కాదు. గోడకు ఆనించకుండా కాస్త చోటు వదిలితే సరిపోతుంది.

ఇక గ్యాస్ విషయం. "గ్యాస్ అయిపోయినట్టుంది, ఎక్కించి వెళ్లండి" అని అడుగుతున్నారు. మేం చేయం. ఫ్రిజ్‌లో గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు. మూసేసిన పైపుల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీక్ ఉందనే. కంప్రెసర్ ఆగకుండా నడుస్తూ, సింగిల్ డోర్ ఫ్రీజర్‌లో ఒక మూలే మంచు పడుతుంటే మాకు అనుమానం వస్తుంది. లీక్ పట్టుకోకుండా పైపైన గ్యాస్ ఎక్కిస్తే అదీ పోతుంది. మేమైతే లీక్ మూసి, ఫిల్టర్ మార్చి, వాక్యూమ్ పెట్టి (అంటే పైపుల్లోని గాలి, తేమ లాగేసి), కంపెనీ స్టిక్కర్ మీద రాసినంత గ్యాస్‌నే తూకం వేసి ఎక్కిస్తాం. అందుకే వేరేవాళ్లకంటే మా బిల్లు ఎక్కువ ఉంటుంది. ఈమధ్య ఫ్రిజ్‌లలో ఎక్కువగా వస్తున్నది ఆర్-600ఎ, అంటే ఐసోబ్యూటేన్. మంటకు అంటుకునే గ్యాస్. ఇంటి ఫ్రిజ్‌లో ఉండేది సాధారణంగా 100 గ్రాముల లోపే, కానీ ఆ పని వంటింట్లో పొయ్యి పక్కన చేయడం మాకిష్టం లేదు. ఫ్రిజ్‌ను వర్క్‌షాప్‌కు తెచ్చుకుంటాం. రవాణా ఇబ్బందేనని తెలుసు, ఈ విషయంలో మాత్రం బేరాల్లేవు.

లీక్ ఫ్రిజ్ గోడ లోపలి ఫోమ్‌లో ఉందని తేలితే పాత ఫ్రిజ్‌కు ఆ పని దండగని మొహం మీదే చెబుతాం. అది విని కోపం తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు.

కరెంటు పోయినప్పుడు టెన్షన్‌తో ఫోన్ చేసేవాళ్లకు: తలుపు తీయకపోతే ఫ్రిజ్ దాదాపు 4 గంటలు చలి నిలుపుకుంటుంది. నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం ఉంటే 24 గంటలు. మాటిమాటికీ తీసి చూస్తే ఈ లెక్కలు పనిచేయవు.

ఫ్రిజ్ తాకితే షాక్ కొడుతున్నా, కాలిన వాసన వస్తున్నా ఈ ప్రశ్నలేవీ ఉండవు. మెయిన్ ఆపి, ప్లగ్ తీసి ఫోన్ చేయండి, మిగతా పనులు పక్కనపెట్టి వస్తాం. మామూలు కాల్స్‌కు మాత్రం మోడల్ నంబర్ దగ్గర ఉంచుకోండి. లోపలి పక్క గోడ మీదో, వెనక కంప్రెసర్ దగ్గరో స్టిక్కర్ ఉంటుంది. దాని ఫోటో, వింత చప్పుడు వస్తుంటే ఒక నిమిషం వీడియో ముందే పంపితే ఆ పార్టు మా దగ్గర ఉందో లేదో చూసి ఏ రోజు వస్తామో చెబుతాం.