నీ జారుడు అడుగు దొరికిందిరా

హన్మకొండ,
ఆదివారం పొద్దుగాల

అరే దోస్తూ,

మొన్న ఫోన్ల "ఇంకా ఎగురుతనే ఉన్నవారా?" అని అడిగినవ్ చూడు, నేను నోరు తెరిచేలోపల మస్టరు టైమైందని పెట్టేసినవ్. బొగ్గు బాయిల దిగినంక నీ ఫోను కలువదు, పైకి వచ్చినంక నువ్వు బువ్వ తిని పంటవ్. నైట్ షిఫ్టోనితోని ముచ్చట పెట్టుడంటే గింతే. అందుకే కాయితం, పెన్ను పట్టిన. మా బిడ్డ చూసి "వాట్సాప్‌ల మాట్లాడి పంపరాదు బాపూ" అని నవ్వుతాంది. నవ్వనీ.

అసలు జవాబేందంటే, కాకతీయుల నాటి మన పేరిణి ఆట ఇప్పుడు ఎగురుతలేను. బతుకమ్మ పండుగ ముందటిసంది బంద్.

ఒక కాలేజీ ప్రోగ్రాంకు రిహార్సల్ చేస్తున్నం. స్టేజీ అంటే స్టేజీ కాదు, సిమెంటు గచ్చు మీద పల్సటి కార్పెట్. చెక్క మీద ఎగిరితే దెబ్బ చెక్క తీసుకుంటది, సిమెంటు మీదైతే మోకాలే తీసుకోవాలె. నీకు యాదికున్నది కదా, విషమం అనే కష్టమైన ఎగురుడు అంగంల గాల్లకు లేచి తిరిగి, దిగుడు దిగుడే మోకాళ్లు ఎడం చేసి మండలంల కూసునుడు. ముప్పై ఏండ్లసంది చేస్తున్నదే. ఆ రోజు కూసున్న, కుడి మోకాలు టక్కుమన్నది, ఎండిన చింతబరిగె ఇరిగినట్టు. పోరగాండ్లు తాళం అనుకొని ఆడుతనే ఉన్నరు. డాక్టరు ఫోటోలు తీసి, లోపలి మెత్తటి ఎముక అరిగిందన్నడు. గొంతుక్కూసునుడు బంద్, ఎగురుడు బంద్, మెట్లు బంద్, బరువు బంద్. ఆ చీటి చదువుతుంటే పేరిణి సిలబస్ చదివినట్టే ఉండె.

నలభై ఎనిమిదేండ్లకు మోకాలు పోవుడు వింతేం కాదు. కబడ్డీ ఆడేటోడు ముప్పై అయిదుకే పక్కకు జరుగుతడు. నన్ను తిన్నది వేరే. పోస్టర్ మీద "నృత్య దర్శకత్వం" అని నా పేరు ఎన్నిసార్లు ఏసుకున్ననో లెక్కలేదు. దర్శకత్వం చేసిందెప్పుడు? నేను ముందట ఎగిరేది, పోరగాండ్లు ఎనుకకెల్లి నన్ను చూసి ఎగిరేది. నేను పక్కకు జరిగే సరికి ఎనుక ఉన్నోళ్లకు ఏం చెయ్యాల్నో తెల్వదు, వాళ్లకు ఏం చెప్పాల్నో నాకు తెల్వదు.

పైసల ముచ్చట అడుగుతవని తెలుసు, చెప్తున్న. జనవరిసంది మార్చి దాక బడుల యాన్యువల్ డేలు. పెండ్లిళ్ల సీజన్ల సంగీత్‌లు. ఆషాఢం, మూఢం వస్తే ఇంట్ల కూసునుడు. పేరిణి క్లాసుకు నెలకు అయిదు వందలు, అండ్ల సగం మంది ఇయ్యరు, నేను అడగ. ఒక సంగీత్ పైసలతోని హాలుకు నాలుగు నెలల కిరాయి ఎల్తది. నువ్వు నవ్వుతవ్ గని, సంగీత్‌ల నాకు నామోషీ లేదు. మొన్న ఒక పెండ్లికొడుకు మేనమామకు ఎడమకాలు ఏదో కుడికాలు ఏదో తెల్వది. నాలుగు రోజులు కూసోబెట్టి, నిలబెట్టి, రెండు నిమిషాల పాటకు ఆడిపిచ్చిన. ఆయన భార్య కండ్ల నీళ్లు పెట్టుకున్నది, నవ్వి నవ్వి. ఇగ ఒక ప్రైవేటు బడోళ్లు నలభై వేలకు మాట్లాడి ఇరవై చేతుల పెట్టిండ్రు. మిగిలినయి "ఫీజులు వసూలైనంక" అన్నరు. మూడో ఏడు నడుస్తాంది. ఆ ఫీజులు ఇంకా వసూలైతనే ఉన్నట్టున్నయి.

సరే, అసలు ముచ్చటకొస్త.

సంక్రాంతి పోయినంక ఎనిమిది మంది పోరగాండ్లను తీసుకొని రామప్పకు పోయిన. ములుగు దాటి, జంగాలపల్లి కాడ మలిగి, పాలంపేట. మనప్పుడు ఆ గుడికాడ మేకలు కాసేటోళ్లు తప్ప ఎవరుండిరి! 2021ల యునెస్కో గుర్తింపు వచ్చినంక ఇసుకేస్తె రాలని జనం. గైడు అందరికీ గుడి బయటి మదనిక బొమ్మ కాలి చెప్పు చూపెడతడు, "హై హీల్స్ సార్, ఎనిమిది వందల ఏండ్ల కిందనే" అని. అందరూ ఫోన్లు పైకెత్తుతరు. మన బొమ్మలు అవి కావు కదా. లోపలి స్తంభాల మీద జానెడు కూడ లేని వరుసలు, డోలు వాయించేటోడు, ఎగిరేటోడు, వంగినోడు. వాటి కాడ ఎవరూ ఆగరు.

మనకు పేరిణి నేర్పిన సారు మనలను ఆ వరుస ముందట నిలబెట్టుడు యాదికొచ్చింది. 1985 శివరాత్రికి, పేరిణిని మళ్ల బతికిచ్చిన నటరాజ రామకృష్ణగారు ఇదే గుడికాడ వందల మందితోని పేరిణి ఆడిపిచ్చినప్పుడు, ఆ గుంపుల తనూ ఉన్ననని ఎన్నిసార్లు చెప్పిండో! నడుమల తెగిపోయిన ఆట అది. పెద్దాయనకు దొరికినయి ముఖ్యంగ రెండే, ఒకటి జాయపసేనాని రాసిన నృత్తరత్నావళి పుస్తకం, రెండు ఈ రాళ్లు. జాయప కాకతీయ రాజు గణపతిదేవుని ఏనుగుల దండుకు పెద్ద. గంత దండును నడిపినోడు కూసోని కాలి గజ్జెలు ఎట్లెట్ల మోగాల్నో రాసిండంటే నాకు ఇప్పటికీ ముచ్చటనిపిస్తది. గజ్జెల పనికి ఘర్ఘరం అని పేరు పెట్టి పేరిణికి ఒక అంగం చేసి పెట్టిండ్రు. అయితే పుస్తకం అడుగు పేరు చెప్తది, రాయి అడుగు ఆగిన కాడ చూపెడతది. నడుమల ఏమైందో రెండూ చెప్పవు. సారు కర్రతోని బొమ్మను చూపెట్టి "ఈ కాలు ఈడికి యాడికెల్లి వచ్చింది? ఈడికెల్లి యాడికి పోతది?" అని అడిగేది. తెల్వదంటే పిక్కల మీద ఒకటి. తెలుసంటే రెండు.

నేను కూడ పోరగాండ్లకు రెండు బొమ్మలు చూపెట్టిన. మొదటోడు కుడికాలు తొడ ఎత్తుకు లేపి, ఒళ్లు మలిపి ఎనుకకు చూస్తడు. పక్కోడు మోకాళ్లు ఎడం చేసి కిందికి కూసోని, మొఖం ఇంకో దిక్కు. ఈడికెల్లి ఆడికి పొండ్రి అన్న. గుడి లోపల ఆడనియ్యరు, బయట బండల బాట మీదకు పోయినం. ఎనిమిది మందికి ఎనిమిది మంది కాలు దించుకొని, ఒక దుంకు దుంకి, కూసున్నరు. కోడిపిల్లలు గట్టు దిగినట్టు. చూస్తే సిగ్గైంది, ఎందుకంటే ముప్పై ఏండ్లు నేను చేసింది కూడ గదే దుంకుడు. ముందట ఉండి ఎగిరేటోనికి తన దుంకు కనవడదు కదరా. బయట అరుగు మీద కూసుంటే ఎనిమిది దిక్కులకెల్లి కనవడ్డది.

గప్పుడు నువ్వు యాదికొచ్చినవ్. 1995ల రిహార్సల్, నీ ఎడమకాలి గజ్జెల తాడు ఊడిపోయింది. అవి జారిపడకుంట నువ్వు మడమ నేలకు ఆనించి, కాలు లేపకుంట అట్లనే ఈడ్చుకుంట తిరిగి కూసున్నవ్. ఝల్లుమనాల్సిన గజ్జెలు జర్ర్... అని పొడుగ్గ మోగినయి. డోలు కొట్టే తాత కూడ చెయ్యి ఆపిండు. సారు నిన్ను కొట్టిన దెబ్బ ఇంకా నా చెవుల ఉన్నది. తెల్లారి ఏడు మీ బాపు బాయి పనికి అన్‌ఫిట్ అయిండు, ఆయన నౌకరి నీకొచ్చింది, నువ్వు గోదావరిఖని బస్సెక్కినవ్. నా కుడిపక్క జాగల వేరేటోడు వచ్చి నిలబడ్డడు.

లేచి చూపెడదామంటే మోకాలు. నోటితోనే చెప్పాల్సొచ్చింది. "మడమ ఆనించు. లేపకు. బరువు కింద పడనియ్యకు, నీ నడుంల దాచిపెట్టు. ఇగ ఈడువు. గజ్జెలు నేలను గీకినట్టు కావద్దు, నేల కింద ఏదో కదిలినట్టు రావాలె." ఇంతకు ముందు నేను ఎవరికీ గిన్ని మాటలు చెప్పలేదురా, ఎగిరి చూపెడితే అయిపోయేది. గంట పట్టింది. నర్సంపేట దిక్కు పోరడు ఒకడున్నడు, బక్కోడు, మాట తక్కువ. వానికి కట్టిపిచ్చిన గజ్జెలు. పదో సారికో పదకొండో సారికో జర్ర్ మన్నది. సెల్ఫీలు దిగేటోళ్లు ఇద్దరు మలిగి చూసిండ్రు.

శివరాత్రికి ఒక ఊర్ల శివాలయం ముందట ఆడిండ్రు. ఎనిమిది మంది, నేను లేకుంట. సౌండ్ బాక్స్ పక్కన కుర్చీల కూసున్న, చేతులు యాడ పెట్టుకోవాల్నో తెలువక రెండు సార్లు చాయ తాగిన. ఎనిమిది మడమలు ఒక్కసారి ఈడిస్తే ముందట కూసున్న పిల్లలు కాళ్లు ఎనుకకు జరుపుకున్నరు. అయిపోయినంక ఒక పెద్దాయన వచ్చి "ఇది శాస్త్రంల ఉన్నదా?" అని అడిగిండు. నృత్తరత్నావళి ఎనిమిది అధ్యాయాలు, అండ్ల నాలుగు దేశి ఆటలకే ఇచ్చిండు, ఊర్లల్ల జనం ఆడేటియి చూసి రాసిండు అన్న. ఆయన ఒప్పుకోలేదు. పులిహోర మాత్రం ఇద్దరం కలిసే తిన్నం.

పోరగాండ్లు ఈ అడుగు ఎవరు నేర్పిండ్రు సార్ అని అడిగిండ్రు. సింగరేణిల ఉన్నడు, బాయిల పనిచేస్తడు అన్న. ఇప్పుడు క్లాసుల దాని పేరే "బాయి అడుగు". "సార్, బాయి అడుగు ఎడమకాలుతోనా కుడికాలుతోనా?" అంటరు. నిన్ను అడగకుంట తీసుకున్న, ఏమన్న అనుకుంటే అనుకో.

వదినెకు దండాలు చెప్పు. ఉగాదికి సెలవు దొరికితే ఇద్దరూ రాండ్రి, మా ఇంటామె సర్వపిండి చేస్తనంటాంది. వచ్చేటప్పుడు మంచం కింది రేకు డబ్బల నీ పాత గజ్జెలు ఉన్నయేమో చూడు. తోలు ఎలుకలు కొరికినా ఏం కాదు, గజ్జెలు ఉంటే చాలు, చౌరస్తల కుట్టిచ్చుకుంట. ఆ నర్సంపేట పోరనికి ఎడమకాలుకు తక్కువవడ్డయి.

నీ దోస్తు