బిల్లులు ఆగితే పని ఆగుతుంది

సంపాదకులకు నమస్కారం.

ఆర్థిక వార్తల్లో "వ్యవస్థలోకి ఇంత డబ్బు వచ్చింది" అన్న మాట తరచూ చదువుతుంటాను. వచ్చిన డబ్బు ఎన్ని చేతులు మారిందన్న మాట మాత్రం కనిపించదు. చిన్న తయారీ సంస్థల లెక్కలు చూసే నాకు రెండోదే ముఖ్యం.

నేను చూసే ఒక సంస్థ సంగతి చెబుతాను. సరుకు తీసుకున్న పెద్ద కొనుగోలుదారు గడువు దాటి నెలలైనా బిల్లు చెల్లించలేదు. రావలసిన బాకీల పేజీలో ఆ ఒక్క పేరు ఎదురుగా ఉన్న మొత్తం వస్తేనే ముడిసరుకు బిల్లు, లారీ కిరాయి, కార్మికుల ఓవర్‌టైం తీరేది. ముడిసరుకు ఇచ్చినాయనా తనకు అప్పిచ్చినవాళ్లకు "కాస్త ఆగండి" అనే చెబుతున్నాడు. చివరికి మా వాళ్లు ఒక షిఫ్ట్ ఆపేశారు. ఆర్డర్లున్నాయి, మిషన్లు బాగున్నాయి, పనివాళ్లు సిద్ధంగా ఉన్నారు. ఆ డబ్బూ ఎక్కడికీ పోలేదు, కొనుగోలుదారు ఖాతాలో భద్రంగా ఉంది. దేశంలోని మొత్తం డబ్బులో పైసా తగ్గలేదు, పని మాత్రం తగ్గింది.

అమెరికా ఆర్థికవేత్త ఇర్వింగ్ ఫిషర్ 1911లోనే ఈ లెక్క వివరంగా రాశాడు: ఉన్న డబ్బును అది చేతులు మారే వేగంతో గుణిస్తే ఎంతో, జరిగిన లావాదేవీల మొత్తం విలువ అంత. 2020లో అమెరికాలో డబ్బు సరఫరా బాగా పెరిగింది. అయినా ఏప్రిల్-జూన్ నాటికి ఆ వేగం, అంటే దేశంలో తయారైన సరుకులు, సేవలు కొనడానికి ఒక్కో డాలరు ఏడాదికి సగటున ఎన్నిసార్లు చేతులు మారిందన్న లెక్క, 1.4 దగ్గర నుంచి 1.1 దగ్గరకు పడిపోయింది. కొనడానికి బయటికెళ్లే వీల్లేదు, రేపేమవుతుందోనన్న టెన్షన్. జనం డబ్బును ఖాతాల్లోనే ఉంచుకున్నారు.

వేగం పెరిగితే చాలని నేననడం లేదు. 1923లో జర్మనీలో జీతం అందగానే జనం దుకాణాలకు పరుగెత్తారు. సాయంత్రానికి ఆ నోటు విలువ ఇంకా పడిపోతుందన్న భయం వాళ్లది. అలాంటి వేగం ధరలనే పెంచుతుంది. మనుషులు, యంత్రాలు ఖాళీగా ఉన్నచోట డబ్బు కదిలితేనే ఉత్పత్తి పెరుగుతుంది. నేను చెప్పిన సంస్థలో ఉన్నది సరిగ్గా ఆ పరిస్థితే. అక్కడ కొత్త అప్పు ఇప్పించడం కంటే పాత బిల్లు చెల్లింపజేయడం మేలు. అప్పుకు వడ్డీ కట్టాలి, బిల్లు వాళ్ల కష్టార్జితం.

అందుకే నా విన్నపం: పెద్ద సంస్థల లాభాలు ప్రచురించేటప్పుడు, అవి తమ సరఫరాదారులకు సగటున ఎన్ని రోజులకు డబ్బు ఇస్తున్నాయో కూడా అడిగి పక్కనే వేయండి.

– ఒక అకౌంటెంట్