వార్షిక నివేదిక: చలికాలపు తీర నడక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మిగతా కార్యక్రమాలు మామూలుగానే జరిగాయి, లెక్కలు విడిగా జత చేశాం. తీరపక్షులను చూడటానికి వెళ్లిన చలికాలపు నడక గురించే అందరూ అడుగుతున్నారు కాబట్టి దాన్ని కాస్త వివరంగా రాస్తున్నాం.

నదిగట్టు మీద మొదలుపెట్టి, నది సముద్రంలో కలిసే చోటు మీదుగా ఇసుక తీరం దాకా నడిచాం. బయల్దేరే టైము చూసి "ఇదేం వేళ?" అన్నవాళ్లు చాలామందే. ఆటు సమయంలో పక్షులు బురదమేటల మీద ఎక్కడో దూరంగా చెదిరి మేస్తుంటాయి. నీరు ఎక్కేకొద్దీ ఒడ్డుకు దగ్గరవుతాయి. అందుకే నిండు పోటుకు రెండు గంటల ముందు అక్కడుండేలా చూసుకున్నాం. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ వస్తుంది. కాబట్టి ఏటా ఒకే టైముకు పెట్టమంటే కుదరదు.

గట్టు మీద నీటికాకులు రెక్కలు చాచి ఆరబెట్టుకుంటున్నాయి. చేపలు పట్టే డేగ ఒకటి మా తలల మీదుగానే చేపతో వెళ్లింది. చేప తల ముందుకే ఉండేలా పట్టుకుంటుందది, గాలి తక్కువ అడ్డొస్తుంది. దాని బయటి వేలు వెనక్కి కూడా తిరుగుతుంది, అరికాళ్లు ముళ్లతో గరుకుగా ఉంటాయి. జారే చేపకు అంత పట్టు కావాలి మరి!

ఇసుకలో పిల్లలకు బాగా నచ్చినవి శాండర్లింగులనే చిన్న తీరపక్షులు. అల వెనక్కి పోతే దాని వెంట, ముందుకొస్తే దానికి ముందు, ఒకటే పరుగు. వాటికి వెనక వేలు ఉండదు. పక్కనే టర్న్‌స్టోన్‌లనే పక్షులు ముక్కుతో గులకరాళ్లు తిరగేసి, కింద ఏముందో వెతుక్కుంటున్నాయి. ఒకే బురదలో పొడుగు ముక్కులు, పొట్టి ముక్కులు ఎందుకని వాదన మొదలైంది. ప్లవర్ అనే పక్షిది పెద్ద కన్ను, పొట్టి ముక్కు: నాలుగడుగులు పరుగెత్తి, ఆగి, పైన కదిలేదాన్ని పొడుస్తుంది. పొడుగు ముక్కున్న గాడ్విట్ పక్షిది లోతు తవ్వకం, బురదలో ఉండగానే ముక్కు కొన మాత్రమే తెరవగలదు. 2022లో బార్‌టెయిల్డ్ గాడ్విట్ (గాడ్విట్‌లలో ఒక రకం) పిల్ల ఒకటి అలాస్కా నుంచి ఆస్ట్రేలియాలోని టాస్మానియాకు 11 రోజులు ఆగకుండా ఎగిరింది, 13,560 కిలోమీటర్లు. అప్పటికి దాని వయసు అయిదు నెలలే.

ఇక అసలు విషయం. ఫోటో కోసం ఒకరిద్దరు దగ్గరికి పోవడంతో, నిండు పోటులో విశ్రాంతి తీసుకుంటున్న గుంపంతా లేచిపోయింది. ఫోటో కూడా సరిగా రాలేదనుకోండి. వలస కోసం కూడబెట్టుకున్న కొవ్వు ఇలా ఊరికే ఎగరడంలో కరిగిపోతుంది. పక్షులు తలలెత్తి, ఈకలు దువ్వుకోవడం మానేసి, పక్కకు నడవడం మొదలుపెడితే మనం ఎక్కువ దగ్గరికి వచ్చేశామని లెక్క, వెంటనే వెనక్కి జరగాలి. ఇకపై కుక్కలకు పట్టీ తప్పనిసరి, డ్రోన్లు వద్దు. దీనిపై కమిటీలో వాదన లేదు.

వచ్చే నడకకు ముక్కాలి స్టాండుతో టెలిస్కోపు కొందామని ప్రతిపాదన ఉంది. బైనాక్యులర్ కొనదలచినవారికి 8×42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, ముందు కటకం 42 మి.మీ.) చాలు, అంతకంటే పవరుంటే చేతి వణుకే ఎక్కువ కనిపిస్తుంది. గుంపులు చిన్నవిగా ఉంచుతాం, పేర్లు ముందే కార్యదర్శికి ఇవ్వండి.