సినిమా ఆటలన్నిటినీ ఒకే గాటన కట్టొద్దు

సంపాదకులకు నమస్కారం.

సినిమా పేరు తగిలించుకుని వచ్చే వీడియో గేమ్‌లంటే అభిమానుల జేబులు ఖాళీ చేసే సరుకని పత్రికల్లో తరచు చదువుతున్నాం. చాలా ఆటల విషయంలో అది నిజమే. కానీ ఒకే సినిమా వరస ‘ఏలియన్’ మీద, ఒకే ప్రచురణ సంస్థ సెగా నుంచి, ఇరవై నెలల తేడాతో వచ్చిన రెండు ఆటలను పక్కపక్కన పెడితే ఆ తీర్పు నిలబడదు.

1986లో జేమ్స్ కామెరాన్ తీసిన ‘ఏలియన్స్’కు కొనసాగింపుగా 2013 ఫిబ్రవరిలో ‘కలోనియల్ మెరీన్స్’ వచ్చింది. చేతిలో తుపాకీ, ఎదురుగా గుంపులుగా ఏలియన్లు, అంటే మనుషులను వేటాడే గ్రహాంతర జీవులు. అవేమో తిన్నగా మీదికొచ్చి తూటాలకు రాలిపోతాయి. దానికి ఒక కారణం నాలుగేళ్ల తర్వాత గాని బయటపడలేదు. సెట్టింగుల ఫైల్లో ‘టెదర్’ అన్న మాటలో ‘ఏ’ అనే ఇంగ్లిష్ అక్షరం ఒకటి ఎక్కువ పడింది. ఏలియన్ ఎక్కడ కాపు కాయాలో, ఏ పక్కనుంచి చుట్టుముట్టాలో చెప్పే ఆదేశానికి సంబంధించిన పేరది. పేరు కలవలేదు గనుక ఆదేశం పనిచేయలేదు.

పీసీలో ఈ ఆట ఉన్నవారు ఇప్పుడైనా దిద్దుకోవచ్చు. డాక్యుమెంట్స్‌లో మై గేమ్స్, అందులో ఆట పేరున్న ఫోల్డర్, దాని లోపల పెకాన్‌గేమ్, ఆపైన కాన్ఫిగ్. అక్కడున్న పెకాన్‌ఇంజిన్ ఫైలుకు ముందు ఒక కాపీ తీసి పెట్టుకోవాలి. తర్వాత నోట్‌ప్యాడ్‌లో తెరిచి, కంట్రోల్-ఎఫ్‌తో ఆ తప్పు మాట (teather) వెతికి, ‘ఈ’కీ ‘టీ’కీ మధ్యనున్న ‘ఏ’ తీసేసి సేవ్ చేయాలి. ఏలియన్ల తీరు మెరుగవుతుంది. అంతమాత్రాన ఆట గొప్పదైపోదు. దాని కథలోని లోపాలు అక్షరం దిద్దితే పోయేవి కావు.

2014 అక్టోబరులో క్రియేటివ్ అసెంబ్లీ తయారుచేసిన ‘ఏలియన్ ఐసొలేషన్’ సంగతి వేరు. ఇది 1979 నాటి రిడ్లీ స్కాట్ సినిమాను ఆధారం చేసుకుంది. కథ 2137లో, సెవాస్టొపోల్ అనే అంతరిక్ష కేంద్రంలో జరుగుతుంది. ఆట నాయిక అమాండా, సినిమా నాయిక ఎలెన్ రిప్లీకి కూతురు. ఆటలో చాలాభాగం వెంటాడేది ఒక్కటే ఏలియన్, దాన్ని చంపడం కుదరదు. ఆ ఒక్కదాన్ని నడపడానికి తయారీదారులు రెండు మెదళ్లు పెట్టారు. పైనున్న ‘డైరెక్టర్’కు మీరెక్కడున్నారో ఎప్పుడూ తెలుసు, కానీ ఏలియన్‌కు సుమారుగా ఏ వైపో మాత్రమే చెబుతుంది. ఆ తర్వాత ఏలియన్ తన కళ్లతో, చెవులతో వెతుక్కోవాలి. ఆటగాడి మీద ఒత్తిడి హద్దు దాటుతోందనిపిస్తే డైరెక్టరే దాన్ని తిరిగి గాలి గొట్టాల్లోకి పంపేస్తుంది. అందుకే ఎన్నిసార్లు ఆడినా అది ఎక్కడ ఎదురవుతుందో కంఠస్థం చేయలేం. ఆటలో ముందుకెళ్లేకొద్దీ దానికి కొత్త ప్రవర్తనలు కలుస్తాయి, మంటలు చిమ్మే ఆయుధానికి మొదట్లో బెదిరినంతగా తర్వాత బెదరదు. సినిమాలోని భయం ఎక్కడుందో పట్టుకున్నవాళ్లే ఇలాంటి పని చేయగలరు. ఆటలో కనిపించే తెరల మీది గీతలు పాత కాలపువిగా కనబడాలని దృశ్యాలను వీహెచ్‌ఎస్ టేపులకు ఎక్కించి, పాత టీవీల మీద ఆడించి, మళ్లీ చిత్రీకరించారు. అంత శ్రద్ధ!

కొత్తగా ఆడేవారు చేసే తప్పులు కొన్ని ఉన్నాయి. దగ్గర్లో ఏది కదిలినా బీప్‌మంటూ చూపే చేతి పరికరం మోషన్ ట్రాకర్‌ను ఎప్పుడూ పైకెత్తి పట్టుకుంటారు. ఏలియన్ దగ్గర్లో ఉంటే ఆ బీప్ చప్పుడు దానికీ వినిపిస్తుంది. పరుగెత్తుతారు, అదీ వింటుంది. పైకప్పు కంతలోంచి చొంగ కారుతుంటే దాని కింద నుంచి వెళ్లకూడదు, అది అక్కడే పొంచి ఉంటుంది. బీరువాలో దాక్కున్నప్పుడు అది ముఖం దగ్గరకు వస్తే వెనక్కి ఒరిగి ఊపిరి బిగబట్టాలి. ఆట దానంతటదే సేవ్ కాదు. కార్డు పెట్టే యంత్రం దాకా వెళ్లాలి, మూడు దీపాలు వెలిగేదాకా నిలబడాలి. ఆ కాస్సేపట్లోనూ చావు రావచ్చు. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడల్లో డెస్క్‌టాప్ మీద ఆడేవారికి ఇది ఇంకా ముఖ్యం. కరెంటు పోతే చివరి యంత్రం నుంచి మళ్లీ మొదలు. యూపీఎస్ లేకుండా కూర్చోవద్దు.

పీసీలో ఆటకు 35 జీబీ చోటు, కనీసం 4 జీబీ ర్యామ్, 1 జీబీ గ్రాఫిక్స్ మెమరీ కావాలి. 8 జీబీ ర్యామ్ ఉంటే హాయి. తడబడితే రిజల్యూషన్‌ను 1280×720కి దించి, సెట్టింగుల్లో షాడో (నీడలు), వాల్యూమెట్రిక్ లైటింగ్ (గాలిలో కనబడే వెలుగు కిరణాలు) తగ్గించాలి. శబ్దం మాత్రం తగ్గించొద్దు, హెడ్‌ఫోన్లు లేకపోతే సగం ఆట పోయినట్టే. రోజుకు 2 జీబీ మొబైల్ ప్యాక్‌తో 35 జీబీ దించాలంటే పద్దెనిమిది రోజులు పడుతుంది. బరంపురంలో బ్రాడ్‌బ్యాండ్ ఉన్న మిత్రుడు, ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో ‘బ్యాకప్’ తీసి హార్డ్‌డిస్క్ మీద ఇస్తే, గుణుపురంలో ‘రీస్టోర్’ చేసుకోవచ్చు. ఆట ఎవరికివారు కొని ఉండాలి, ఒకసారి నెట్ ఉండగా లాగిన్ అయి తెరవాలి, తర్వాత ఆఫ్‌లైన్ మోడ్‌లో ఆడుకోవచ్చు. 2021 డిసెంబరు నుంచి ఫోన్లలోనూ ఉంది. దానికి 11 జీబీ కావాలి, దించేటప్పుడు చిక్కు రాకుండా రెట్టింపు ఖాళీ ఉంచుకోవడం మంచిది.

పూర్తిగా సర్వర్ల మీద ఆధారపడిన సినిమా ఆటలకు మరో గండం ఉంది. 2005లో వచ్చిన ‘మేట్రిక్స్ ఆన్‌లైన్’ 2009 జులై 31న మూతపడింది. డబ్బు పెట్టినవారికి ఆడుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఒంటరిగా, నెట్ లేకుండా ఆడగల ఆటకు ఆ బెడద తక్కువ.

ఐసొలేషన్‌కు ఐరోపాలో 18 ఏళ్ల రేటింగు ఉంది. పిల్లలకు కొనిచ్చే తల్లిదండ్రులు చాలామందికి ఈ సంగతి తెలియదు. మీరు ఇకపై ఆటల పరిచయం వేసేటప్పుడు నాలుగు వివరాలు తప్పక అచ్చువేయాలని కోరుతున్నాం: ఎన్ని జీబీలు, ఎంత ర్యామ్, నెట్ లేకుండా నడుస్తుందా, ఏ వయసువారికి. ఒడిశా సరిహద్దు జిల్లాల్లో మీ పత్రిక చదివే తెలుగు కుటుంబాలకు కొనేముందు అడగడానికి వేరే చోటు లేదు.

ఇట్లు,
కొందరు పాఠకులు,
బరంపురం, గంజాం జిల్లా