బొమ్మ కింద వదిలిన తెల్లచోటు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఎనిమిదో తరగతి పిల్లలు ఈ నెల వార్షికోత్సవానికి గోడపత్రికలు గీస్తున్నారు. మొదటి రోజు తెచ్చినవాటిలో బొమ్మలు ముచ్చటగా ఉన్నాయి కానీ, నాలుగింటిలో తేదీ లేదు, వేళ లేదు. దిద్దమని చెప్పే ముందు వాళ్లకు పాతకాలపు అమెరికా సర్కస్ పోస్టర్లు చూపించాను. ఒక్క పీరియడు అనుకున్న పాఠం వారం రోజులు సాగింది.

సర్కస్ మొదలైంది అమెరికాలో కాదు, లండన్‌లో. 1768లో ఫిలిప్ ఆస్ట్లీ అనే మాజీ సైనికుడు గుర్రంమీద నిలబడి విన్యాసాలు చూపించాడు. గుర్రం గుండ్రంగా పరిగెడితే పైనున్న మనిషికి నిలదొక్కుకోవడం తేలిక. ఆయన స్థిరపరచిన 42 అడుగుల వ్యాసం ఉన్న వలయమే ఇప్పటికీ సర్కస్‌కు కొలత. మా పీఈటీ సారు మైదానంలో సున్నంతో ఆ వలయం గీశారు. పిల్లలు అందులో పరిగెత్తి చూసి, మలుపులో ఒళ్లు దానంతటదే లోపలికి వాలుతోందని వాళ్లే కనిపెట్టారు.

అమెరికాలో 1825లో గుడ్డ డేరా వచ్చింది, 1870ల నాటికి పెద్ద కంపెనీలు రైలెక్కాయి. చాలా ఊళ్లలో ఆట ఒక్కరోజే. పొద్దున దిగి, రాత్రికి డేరా విప్పి వెళ్లిపోవాలి. ఆ ఒక్కరోజుకే జనం రావాలంటే కబురు ముందే చేరాలి. అందుకని సర్కస్‌కన్నా రెండు మూడు వారాల ముందు పోస్టర్లవాళ్ల రైలుపెట్టె ఒకటి ఊరికి వచ్చేది. అందులోనే పడక, అందులోనే కాగితాల దొంతర్లు, అందులోనే పిండి ఉడికించి జిగురు కాచడం. తెల్లారగానే బక్కెట్లు, పొడుగు కుంచెలు పట్టుకుని దుకాణాల గోడలకు, పల్లెల్లో ధాన్యపు కొట్టాలకు అంటించేవాళ్లు. గోడ ఇచ్చినవాళ్లకు ఉచిత టిక్కెట్లు దక్కేవి. పోటీ కంపెనీ పోస్టరు కనిపిస్తే దానిమీదే తమది అంటించిన సందర్భాలూ ఉన్నాయి.

ఆ పోస్టర్లను రాతిమీద గీసి అచ్చువేసేవారు. అమెరికాలోని సిన్సినాటి నగరంలో ఉన్న స్ట్రోబ్రిడ్జ్ అచ్చు కంపెనీ ఇందులో పేరుమోసింది. ఒక్కో రంగుకు ఒక్కో రాయి. అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు తిరగేసి రాయాలి. ఒక్క రాయి వెంట్రుకవాసి జరిగినా పులి చారలు పక్కకు పోతాయి. ఇంత ఖర్చుపెట్టి ఊరికొక పోస్టరు వేయలేరు కదా! అందుకే బొమ్మ అన్ని ఊళ్లకూ ఒకటే. ఊరి పేరు, తేదీ వేరే చీటీమీద చవగ్గా అచ్చువేసి దాని కిందో పక్కనో అంటించేవాళ్లు. కొన్నింటిలో అందుకోసం తెల్లచోటే వదిలిపెట్టేవాళ్లు. నాకు ఆ పోస్టర్లలో అన్నిటికన్నా నచ్చింది ఈ చీటీయే. సింహాన్ని చూసి ఆగిన మనిషిని డేరాదాకా నడిపించేది అదే.

బొమ్మల్లో అతిశయోక్తి గురించీ మాట్లాడుకున్నాం. 1882లో అమెరికా సర్కస్ యజమాని బార్నమ్ లండన్ జంతుప్రదర్శనశాల నుంచి జంబో అనే ఏనుగును కొన్నాడు. పంపొద్దని అక్కడి బడిపిల్లలు విక్టోరియా రాణికి ఉత్తరాలు రాశారు. అది నిజంగానే పెద్ద ఏనుగు. పోస్టర్లలో ఇంకా పెద్దదైపోయింది. మూడేళ్లకు కెనడాలో రైలు గుద్ది చనిపోయింది. ఒక అమ్మాయి లేచి, "మేడమ్, గొలుసు ఏ పోస్టర్లోనూ లేదేం?" అని అడిగింది. ఆ ప్రశ్నకు క్లాసంతా నిశ్శబ్దమైపోయింది. మన దేశంలో పులులు, సింహాలు, ఎలుగుబంట్లు, కోతులతో ఆటలాడించకూడదని 1998లో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చిందనీ, 2001లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించిందనీ అప్పుడు చెప్పాను.

మనకూ ఈ చరిత్రలో వాటా ఉంది. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడుగారు సొంత సర్కస్ కంపెనీ నడిపి, గుండెమీద ఏనుగును నిలబెట్టుకున్నారు. నా చిన్నప్పుడు మైకు కట్టిన జీపు వెనక పరిగెత్తి ఏరుకున్న గులాబీరంగు కరపత్రం వాసన నాకింకా గుర్తే.

మీ ఇళ్లలో ట్రంకుపెట్టెల అడుగున సర్కస్‌దో, నాటకానిదో, సినిమాదో పాత కరపత్రం ఉంటే వచ్చే శనివారం పిల్లలతో పంపండి. ప్లాస్టిక్ కవరులో పెట్టి, మీ పేరు కవరుమీదే రాయండి, కాగితంమీద వద్దు. ఫొటో తీసుకుని సాయంత్రానికి తిరిగి పంపిస్తాం. తాతయ్యలు, అమ్మమ్మలు వచ్చి చెబుతామంటే మూడో పీరియడు వాళ్లదే.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు