నడవగలడు కాబట్టి లెక్కలో లేడు

సంపాదకులకు,

అయ్యా,

ప్రతి నెలా ఒకటో తేదీన తెల్లవారీ తెల్లవారకముందే సచివాలయ ఉద్యోగి మా తలుపు తట్టి, మా అబ్బాయి వేలిముద్ర తీసుకుని, ఎన్టీఆర్ భరోసా పింఛను 6,000 రూపాయలు చేతిలో పెట్టి వెళ్తున్నారు. 2024 జులైలో 3,000 నుంచి పెంచిన ఆ మొత్తం మాలాంటి ఇళ్లకు ఎంత ఆసరాగా ఉందో వేరే చెప్పనక్కరలేదు. అయితే నెలలో మిగిలిన రోజుల్లో వాడి కోసం మా గడప తొక్కేవారు ఎవరూ లేరన్నదే ఈ లేఖకు కారణం.

మా అబ్బాయికి 27 ఏళ్లు, పుట్టుకతోనే బుద్ధిమాంద్యం. నడుస్తాడు, అన్నం తానే కలుపుకుని తింటాడు, వీధి చివర బంకు నుంచి పాల ప్యాకెట్టు తెస్తాడు. ఈ చివరి పని చిన్నదేమీ కాదు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రం నుంచి వారానికోసారి ఇంటికి వచ్చిన ప్రత్యేక ఉపాధ్యాయురాలు వాణ్ణి మొదట గుమ్మం దాకా, కొన్ని వారాలకు వీధి మలుపు దాకా, ఆ తర్వాత బంకు యజమానితో ముందే మాట్లాడి పెట్టుకుని అక్కడి దాకా నడిపించి, దాదాపు ఏడాది పాటు పట్టు విడవకుండా నేర్పిన విద్య అది. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పిన నాకు అంత ఓర్పు లేదని ఒప్పుకోవడానికి సిగ్గుపడను. వాడికి 18 నిండగానే బడి వయసు దాటాడన్నారు, ఆమె రాక ఆగిపోయింది.

గత వేసవిలో నా భార్య జారిపడి తుంటి ఎముక విరగడంతో నెల్లూరులో 12 రోజులు ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది. నేను ఆమె దగ్గరుంటే వాడి దగ్గర ఎవరుండాలి? ఇరుగుపొరుగు వేళకు అన్నం పెట్టారు, వారి రుణం తీర్చుకోలేను. కానీ వాడు తల్లి తప్ప ఎవరు పోసినా నీళ్లు పోయించుకోడు. ఒక రాత్రి గడియ తీసుకుని అమ్మను వెతుక్కుంటూ బస్టాండు దాకా వెళ్లిపోయాడు. ‘ఏదైనా హోంలో చేర్చేయరాదా మాస్టారూ’ అని అప్పటి నుంచి పది మందీ మంచి మనసుతోనే అంటున్నారు. ఆ వీధి, ఆ బంకు, తన కంచం తప్ప మరో లోకం ఎరుగనివాణ్ణి ఎక్కడ చేర్చమంటారు?

మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వారికి ప్రభుత్వం నెలకు 15,000 ఇస్తోంది. అది వారికి న్యాయంగా దక్కవలసినదే. మా వాడు నడవగలడు కాబట్టి ఆ లెక్కలోకి రాడు. నడవగలడు కాబట్టే ఒక మనిషి రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉండాలి. సదరం శిబిరంలో వైకల్యం శాతం రాస్తారు గాని, రోజుకు ఎన్ని గంటలు తోడు కావాలని మమ్మల్ని ఎవరూ అడగలేదు. వికలాంగులు, విభిన్న ప్రతిభావంతులు, దివ్యాంగులు అని పేర్లు మాత్రం మారుతూ వచ్చాయి.

చట్టం ఈ సంగతి మరచిపోలేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఐదో సెక్షన్ వారికి సమాజంలో నలుగురితో పాటు బతికే హక్కునూ, అందుకు కావలసిన సహాయ సేవలను ఇంటి వద్దనే పొందే వీలునూ చెబుతోంది. 24వ సెక్షన్‌లో సంరక్షకుల భత్యం ప్రస్తావన ఉంది. అధిక సహాయం అవసరమైన వారిని గుర్తించేందుకు 38వ సెక్షన్ మదింపు బోర్డును కూడా పేర్కొంది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద లక్ష రూపాయల ‘నిరామయ’ ఆరోగ్య బీమా, తల్లిదండ్రులకు కొన్నాళ్లు ఊపిరి పీల్చుకునే అవకాశమిచ్చే ‘సమర్థ్’, సంరక్షకులకు శిక్షణనిచ్చే ‘సహయోగి’ పథకాలు రూపొందాయి. ఉదయగిరి, సీతారామపురం వైపు నాకు తెలిసిన తల్లిదండ్రులలో ఈ పేర్లు విన్నవారు ఒక్కరూ లేరు. నేను విన్నది కూడా, వాడి ఖాతా విషయంలో బ్యాంకు వారు గార్డియన్ (చట్టబద్ధ సంరక్షకుడి) పత్రం అడిగితే, దాన్ని జారీ చేసే, కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీ కోసం నెల్లూరు చుట్టూ తిరిగినప్పుడే.

పింఛను పంచడానికి ఇంటింటికీ వెళ్లే సచివాలయ వ్యవస్థ మనకు ఉండనే ఉంది. దివ్యాంగుల నైపుణ్యం, పునరావాసం కోసం కేంద్రం నెలకొల్పిన ప్రాంతీయ కేంద్రం, సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ ఆధ్వర్యంలో, నెల్లూరులోనే ఉంది. డ్వాక్రా సంఘాల్లో ఆసక్తి ఉన్న మహిళలకు ఆ కేంద్రం ద్వారా శిక్షణ ఇప్పించి, వేతనమిచ్చి, వారానికి కొన్ని గంటలైనా ఇలాంటి ఇళ్లకు పంపవచ్చు. తల్లి ఆసుపత్రి పాలైతే, ఇంట్లో చావో పెళ్లో వస్తే, రాత్రిళ్లు కూడా తోడుండే ఏర్పాటు చేయాలి. గార్డియన్ దరఖాస్తులను ఆత్మకూరు, కావలి వంటి డివిజన్ కేంద్రాల్లోనే విచారిస్తే, కొత్త చోటంటే బెదిరిపోయే పిల్లలను బస్సుల్లో అంత దూరం తిప్పే అవస్థ తప్పుతుంది.

జిల్లా అంతటా ఒకేసారి కుదరదంటే ముందు ఒక్క మండలంలో మొదలుపెట్టమని అధికారులను కోరుతున్నాను. ఆత్మకూరును ఎంచుకుంటే, శిక్షణ తరగతులకు మా మేడ మీది గదిని అద్దె లేకుండా ఇస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
ఆత్మకూరు, శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా